మేడమీది ట్యాంకు నుంచి ఆనందపురం తోట దాకా: వైఫై, లోరా, 4జీల్లో మీ ప్రాజెక్టుకి ఏది?

ట్యాంకులో నీళ్లెంత ఉన్నాయో కింద తెలియాలి. తోటలో మట్టి తడి ఇంట్లో కనబడాలి. డాబా మీద కొలిచిన వాన ఫోన్లోకి రావాలి. సెన్సరు పని ఒక సాయంత్రంలో అయిపోతుంది. ఆ అంకెను ఇక్కణ్ణుంచి అక్కడికి చేర్చే రేడియో దగ్గరే ప్రాజెక్టు ఆగుతుంది. ఎక్కువసార్లు కారణం ఒకటే: ఎంపికను దూరంతో మొదలుపెట్టడం. వైఫై యాభై మీటర్లు, లోరా (తక్కువ కరెంటుతో చిన్న సందేశాలను దూరం పంపే రేడియో) పది కిలోమీటర్లు, 4జీ ఎక్కడికైనా అని అమ్మకం పేజీలో చదివి కొనేస్తే విశాఖలో ఆ లెక్క నిలవదు. మధురవాడ నుంచి అడవివరానికి మ్యాపులో గీత గీస్తే మధ్యలో కంబాలకొండ ఉంటుంది. గాజువాకకీ యారాడకీ మధ్య కొండే. అదే సముద్రం ఒడ్డున మేడ మీద నిలబడితే కిలోమీటర్ల కొద్దీ అడ్డే ఉండదు.

కాబట్టి ముందు మూడు విషయాలు తేల్చుకోండి. రెండు చివరల మధ్య ఏముంది? సెన్సరు దగ్గర కరెంటు ఉందా? తుఫానులో సెల్ టవరు పడిపోయినా ఆ సమాచారం మీకు కావాలా? ఈ మూడింటికీ జవాబు దొరికితే రేడియో ఎంపిక దాదాపు అయిపోయినట్టే.

వైఫై: కరెంటు ఉన్నచోట మాత్రమే

ఇంటి రౌటరు సిగ్నల్ అందే చోట, ప్లగ్గు పాయింటు దగ్గరుంటే వేరే ఆలోచన అక్కర్లేదు. వైఫై ఉన్న ఈఎస్‌పీ32 చిన్న బోర్డు, దాన్ని నడిపే ఈఎస్‌పీహోమ్ సాఫ్ట్‌వేరు, అంకెలు చూపించే హోమ్ అసిస్టెంట్ ఉంటే ప్రోగ్రాము రాయకుండానే పనైపోతుంది. సిగ్నల్ ఎంతుందో సెన్సరు పెట్టబోయే చోటే, డబ్బా మూత బిగించాకే కొలవండి. మైనస్ 67 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత, సున్నాకి దగ్గరైనకొద్దీ బలం) ఉంటే నిశ్చింత. మైనస్ 80కి చేరితే రోజూ తెగుతూ ఉంటుంది. మూడో అంతస్తు రౌటరు నుంచి ఐదో అంతస్తు పైని ట్యాంకుకి మూడు ఆర్‌సీసీ స్లాబులు దాటాలి. 2.4 గిగాహెర్ట్జ్‌కి అది గట్టి అడ్డం. రౌటరును ఆటోమేటిక్ ఛానెల్‌లో వదలకుండా 1, 6, 11లలో ఒకదానికి కట్టేయండి. పదేపదే తెగడం అక్కడే కొంత తగ్గుతుంది.

బ్యాటరీ మీద నడపాలంటే మాత్రం లెక్క చూసుకోవాలి. పది నిమిషాలకోసారి లేచి, ఐదు సెకన్లపాటు సగటున 100 మిల్లీఆంపియర్లు తాగిందనుకుందాం. రోజుకి 20 మిల్లీఆంపియర్ అవర్లు. 2500 మిల్లీఆంపియర్ అవర్ల సామర్థ్యమున్న 18650 లిథియం సెల్ మీద అది నాలుగు నెలలు రావాలి. కానీ మామూలు డెవలప్‌మెంట్ బోర్డుతో మూడు వారాలు కూడా రాదు. చిప్పు నిద్రపోయినా దాని పక్కనున్న ఏఎంఎస్1117 రెగ్యులేటరు ఒక్కటే సుమారు 5 మిల్లీఆంపియర్లు లాగుతూ ఉంటుంది. పవర్ ఎల్‌ఈడీ, యూఎస్‌బీ చిప్పు వాటా అదనం. రోజుకి 120 మిల్లీఆంపియర్ అవర్లు ఊరికే పోతున్నాయన్నమాట. బోర్డు బదులు విడి మాడ్యూల్ తీసుకుని ఎంఈ6211 లాంటి 500 మిల్లీఆంపియర్ల రెగ్యులేటరు వేయండి. తక్కువ కరెంటు తాగుతుంది కదా అని హెచ్‌టీ7333 పెట్టకండి. అది ఇచ్చేది 250 మిల్లీఆంపియర్లే. వైఫై పంపే క్షణంలో వోల్టేజి పడిపోయి చిప్పు రీసెట్ అవుతుంది, సీరియల్ మానిటర్లో బ్రౌనౌట్ అని కనిపిస్తుంది. ఐపీ అడ్రసు స్థిరంగా ఇచ్చి, రౌటరు ఛానెల్ నంబరు మెమరీలో దాచుకుంటే కనెక్టయ్యే సమయం బాగా తగ్గుతుంది, బ్యాటరీకి అది కలిసొస్తుంది.

రౌటరు ప్రమేయం లేకుండా రెండు ఈఎస్‌పీ32లు నేరుగా మాట్లాడుకునే ఈఎస్‌పీ-నౌ కూడా ఉంది. దాని మొదటి వెర్షన్లోనే ఒక్కో సందేశానికి 250 బైట్లు, ట్యాంకు మట్టానికి ధారాళంగా చాలు. రెండూ ఒకే ఛానెల్‌లో ఉండాలి.

అసలు రేడియో అవసరమా అని కూడా ఒకసారి ఆలోచించండి. అపార్ట్‌మెంటులో పైప్ డక్టు గుండా తీగ దించగలిగితే, తీగ మీద దూరం అంకెలు పంపే ఆర్‌ఎస్-485 పద్ధతిని మించింది లేదు. ఒక కేబుల్, రెండు చివర్లా మ్యాక్స్485 చిప్పులు, రెండు చివర్లా 120 ఓముల రెసిస్టర్లు, పిడుగుల కాలం కోసం టీవీఎస్ డయోడ్లు. ఏళ్ల తరబడి ముట్టుకోనక్కర్లేదు. ట్యాంకు ప్రాజెక్టుల్లో మా మొదటి ఓటు దీనికే.

లోరా: కొనేముందు ఫ్రీక్వెన్సీ చూడండి

లోరాలో ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది మాడ్యూల్ కొనేటప్పుడే. ఆన్‌లైన్లో చవగ్గా, ఎక్కువగా దొరికేది ఆర్ఏ-02. అది 433 మెగాహెర్ట్జ్‌ది. మన దేశంలో 433–434లో లైసెన్సు లేకుండా అనుమతించింది ఇంటిలోపల, 10 మిల్లీవాట్లు, 10 కిలోహెర్ట్జ్ వెడల్పు వాడకానికే. లోరా మామూలుగా 125 కిలోహెర్ట్జ్ వెడల్పులో పంపుతుంది కాబట్టి ఆ పరిధిలో ఇమడదు. అమెరికా వాళ్ల 915 కూడా వద్దు. 902 నుంచి 928 దాకా ఉన్న ఆ పట్టీ మన మొబైల్ కంపెనీల 900 బ్యాండు మీద పడుతుంది. మనకి కావలసింది 865–867 మెగాహెర్ట్జ్. 2005లో 1 వాట్ ట్రాన్స్‌మిటర్, 4 వాట్ల రేడియేషన్, 200 కిలోహెర్ట్జ్ వెడల్పు హద్దులుగా దీనికి లైసెన్సు మినహాయించారు, 2021లో 868 దాకా పొడిగించారు. కాబట్టి ఆర్ఏ-01హెచ్, ఆర్ఏ-01ఎస్‌హెచ్, ఆర్‌ఎఫ్‌ఎం95డబ్ల్యూ 868 రకం తీసుకోండి. హెల్టెక్ వీ3 లాంటి రెడీమేడ్ బోర్డయితే 863–928 రకమని ఆర్డరులో సరిచూసుకోండి.

విడి మాడ్యూళ్ల కాళ్ల మధ్య దూరం 2 మిల్లీమీటర్లు, బ్రెడ్‌బోర్డులో కూర్చోవు. అడాప్టరు బోర్డు కూడా అప్పుడే తెప్పించుకోండి. 3.3 వోల్టులకి మించి ఏ పిన్నుకీ ఇవ్వకూడదు, 5 వోల్టుల ఆర్డుయినో ఊనోకి నేరుగా కలిపితే మాడ్యూల్ పోతుంది. సరఫరా పిన్నుకి ఆనుకుని 10 మైక్రోఫారడ్, 100 నానోఫారడ్ కెపాసిటర్లు పెట్టండి. యాంటెన్నా లేకుండా ఒక్కసారి కూడా పంపించకండి. ప్రోగ్రాములో రేడియోలిబ్ అనే లైబ్రరీ వాడుతుంటే, మైనస్ 2 అని ఎర్రర్ వస్తే చిప్పు కనబడలేదని అర్థం, వైరింగు చూడండి. ఎస్‌ఎక్స్1262 చిప్పున్న మాడ్యూల్లో మైనస్ 707 వస్తే ముందు టీసీఎక్స్ఓ (వేడికి పెద్దగా మారని క్రిస్టల్) వోల్టేజి సెట్టింగు చూడండి. ఆ లైబ్రరీ మామూలుగా 1.6 వోల్టుల టీసీఎక్స్ఓ ఉందనుకుంటుంది. ఆర్ఏ-01ఎస్‌హెచ్‌లో మామూలు క్రిస్టల్ ఉంటుంది కాబట్టి అక్కడ సున్నా ఇవ్వాలి.

ఇప్పుడు కొండ సంగతి. ఐదు కిలోమీటర్లు, మధ్యలో అడ్డం లేదనుకుందాం. 866 మెగాహెర్ట్జ్ దగ్గర ఖాళీ గాలిలో నష్టం సుమారు 105 డీబీ. 14 డీబీఎంతో పంపి, రెండు వైపులా రెండేసి డీబీల యాంటెన్నాలు పెడితే అవతల చేరేది మైనస్ 87 డీబీఎం. లోరాలో సందేశాన్ని ఎంత నెమ్మదిగా పంపాలో చెప్పే సెట్టింగు ఎస్‌ఎఫ్. మామూలుగా వాడేవాటిలో అతి వేగపుదైన ఎస్‌ఎఫ్7 మైనస్ 123 దాకా వినగలదు. అంటే 36 డీబీలు చేతిలో మిగిలాయి. చూపు సాగే దారిలో ఎస్‌ఎఫ్12 అవసరమే లేదు. అదే కొండ పూర్తిగా అడ్డం ఉంటే, ఎస్‌ఎఫ్7 నుంచి ఎస్‌ఎఫ్12కి మారితే అదనంగా వచ్చేది సుమారు 13 డీబీలే. కంబాలకొండంత మట్టిని అది గెలవలేదు. పైగా బ్యాటరీ నలిగిపోతుంది: 12 బైట్ల సందేశం ఎస్‌ఎఫ్7లో 41 మిల్లీసెకన్లలో అయిపోతే, ఎస్‌ఎఫ్12లో 1.15 సెకన్లు పడుతుంది. ఇరవై ఎనిమిది రెట్లు.

చూపు సాగడమంటే కంటికి కనిపించడం ఒక్కటే కాదు. ఐదు కిలోమీటర్ల దారికి సరిగ్గా మధ్యలో, ఆ గీత చుట్టూ సుమారు 21 మీటర్ల వ్యాసార్థంలో తరంగం పరుచుకుని వెళ్తుంది. అందులో కనీసం 60 శాతం, అంటే పన్నెండున్నర మీటర్లు ఖాళీగా ఉండాలి. కొబ్బరితోట తలలు ఆ గీతను ఒరుసుకుంటే వేసవిలో పనిచేసిన లింకు వానాకాలంలో, ఆకులు తడిసినప్పుడు మొరాయిస్తుంది. గూగుల్ ఎర్త్‌లో రెండు చివర్లా గుర్తుపెట్టి, మధ్య గీత గీసి, ఎలివేషన్ ప్రొఫైల్ తెరిస్తే ఎక్కడ కొండ తగులుతుందో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. మాడ్యూళ్లు కొనడానికి ముందు చేయవలసిన పని ఇది. తర్వాత పొలంలో ఒక పూట నోడ్‌ని (సెన్సరు, రేడియో ఉన్న పెట్టెని) నడిపి, ఇంటి దగ్గర ఎస్‌ఎన్‌ఆర్ (రొద కన్నా సిగ్నల్ ఎన్ని డీబీలు పైనో కిందో చెప్పే) అంకెలు రాసుకోండి. ఎస్‌ఎఫ్7కి హద్దు మైనస్ 7.5, ఎస్‌ఎఫ్9కి మైనస్ 12.5, ఎస్‌ఎఫ్12కి మైనస్ 20. హద్దుకి పైన మరో పది డీబీలు మిగిలేలా ఉన్న ఎస్‌ఎఫ్‌ని ఎంచుకోండి. చాలా తోటలకి ఎస్‌ఎఫ్9 చక్కగా కుదురుతుంది, సందేశానికి 145 మిల్లీసెకన్లే.

యాంటెన్నాకి వందలు పోయనక్కర్లేదు. 866 మెగాహెర్ట్జ్‌కి పావు తరంగం 86.5 మిల్లీమీటర్లు, తీగ ప్రభావం కలుపుకుని 82 దగ్గర కత్తిరించాలి. ఎన్-టైపు ప్యానెల్ సాకెట్ మధ్య పిన్నుకి 82 మిల్లీమీటర్ల రాగి తీగ టంకం వేసి, నాలుగు మూలల రంధ్రాలకి 90 మిల్లీమీటర్ల తీగలు బిగించి, వాటిని 45 డిగ్రీలు కిందికి వంచితే 50 ఓములకి దగ్గరగా వస్తుంది. పొట్టి స్ప్రింగు యాంటెన్నాకీ దీనికీ తేడా మొదటి పరీక్షలోనే కనబడుతుంది.

కష్టపడి కట్టిన యాంటెన్నాని కేబుల్ దగ్గర పాడుచేయకండి. ఈ ఫ్రీక్వెన్సీలో ఆర్‌జీ-58 మీటరుకి అర డీబీకి పైనే తినేస్తుంది. పది మీటర్లు దించితే ముప్పాతిక వంతు శక్తి కేబుల్లోనే పోయినట్టు. సన్నటి ఆర్‌జీ-174 అయితే ఇంకా అన్యాయం. అందుకే బోర్డుని యాంటెన్నా కిందే, మేడ మీదే డబ్బాలో పెట్టి, కిందికి కరెంటు తీగ దించండి. ఎస్‌ఎంఏ, ఆర్‌పీ-ఎస్‌ఎంఏ తేడా కూడా చూసుకోవాలి: మర బిగుస్తుంది కానీ మధ్య పిన్ను లేకపోతే సిగ్నల్ దాటదు, మాడ్యూల్ యాంటెన్నా లేకుండా పంపినట్టే.

బ్యాటరీ విషయంలో మాత్రం లోరాకి సాటి లేదు. ఏటీమెగా328పీ చిప్పు, 3.3 వోల్టులు, 8 మెగాహెర్ట్జ్, ఎంసీపీ1700 రెగ్యులేటరు, పది నిమిషాలకోసారి సందేశం: రోజుకి 2 మిల్లీఆంపియర్ అవర్లు. వైఫైకి అవసరమైనదాంట్లో పదో వంతు. అదే 18650 సెల్ లెక్క ప్రకారం మూడేళ్లు దాటుతుంది, అసలు హద్దు సెల్ దానంతటది కరిగిపోవడమే.

రెండు మూడు నోడ్లకి లోరావ్యాన్ (చాలా నోడ్లని కలిపే లోరా నెట్‌వర్క్) గేట్‌వే కొనడం అనవసరం. ఇంటి మేడ మీద ఒక ఈఎస్‌పీ32, దానికి లోరా మాడ్యూల్, అక్కణ్ణుంచి వైఫైలో ఎంక్యూటీటీ (సెన్సరు సందేశాలు చేరవేసే పద్ధతి) చాలు. పక్క రైతులతో కలిసి పాతిక నోడ్లు వేస్తున్నప్పుడు ఎస్‌ఎక్స్1302 ఉన్న ఎనిమిది ఛానెళ్ల గేట్‌వే, దాని వెనక నడిచే చిర్ప్‌స్టాక్ సాఫ్ట్‌వేరు గురించి చూడొచ్చు. విడి లోరాలో తాళం ఉండదని గుర్తుంచుకోండి. మీరు ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ వేయకపోతే ఎవరైనా వినొచ్చు, నకలు పంపొచ్చు. సందేశంలో ఒక లెక్క నంబరు పెట్టి, పాత నంబరు వస్తే తోసిపుచ్చండి. ఇంకొకటి, ఇది నేవీ ఊరు. రక్షణ శాఖ స్థలాల దరిదాపుల్లో పొడవాటి మాస్టు నిలబెట్టేముందు అడిగి అనుమతి తీసుకోండి.

4జీ: కొండ అడ్డమున్నప్పుడు

పొలం కొండకి అవతల ఉండి, రెండు వైపులా కనిపించే మూడో మేడ ఏదీ లేకపోతే 4జీయే దారి. ఎస్‌ఐఎం800ఎల్ మీద డబ్బు పెట్టకండి. అది 2జీ. జియోకి 2జీ లేనే లేదు, మిగతా కంపెనీల 2జీ మీద కొత్త ప్రాజెక్టు కట్టడం మంచి ఆలోచన కాదు. ఏ7670సీ లాంటి క్యాట్-1 (నెమ్మది రకం 4జీ) మాడ్యూల్ తీసుకుని, దాని బ్యాండ్ల జాబితాలో 3, 5, 40 ఉన్నాయో లేదో చూడండి.

సరఫరా దగ్గరే ఇది ఏడిపిస్తుంది. మాడ్యూల్‌కి 3.4 నుంచి 4.2 వోల్టులే ఇవ్వాలి, 2 ఆంపియర్ల దెబ్బ తట్టుకోవాలి. సన్నటి జంపర్ తీగలతో ఇస్తే నెట్‌వర్క్‌లో నమోదయ్యే క్షణంలో వోల్టేజి జారిపోయి మళ్లీ మొదటికి వస్తుంది. సిమ్ పాడైందనుకుని నాలుగు సిమ్‌లు మార్చేస్తారు. పొట్టి, లావు తీగలు వేసి, పిన్నుల దగ్గరే 1000 మైక్రోఫారడ్ల తక్కువ ఈఎస్‌ఆర్ కెపాసిటరు పెట్టండి. సిగ్నల్‌ని ఏటీ+సీఎస్‌క్యూ కమాండుతో చూడండి. 15 పైన ఉంటే పని నడుస్తుంది. ఒకసారి పంపడానికి 30 సెకన్లు, సగటున 150 మిల్లీఆంపియర్లు అనుకుంటే గంటకోసారికి రోజుకి 30 మిల్లీఆంపియర్ అవర్లు, పది నిమిషాలకోసారైతే 180. సోలార్ తప్పదు. రీఛార్జి మరిచిపోతే అంతా ఆగిపోతుంది.

వాతావరణ కేంద్రం కడుతున్నవాళ్లు 2014 అక్టోబరు 12ని గుర్తుచేసుకోవాలి. హుద్‌హుద్ తీరం దాటినప్పుడు ఊళ్లో కరెంటూ సెల్ నెట్‌వర్కూ రెండూ పోయాయి. గాలి, పీడనం అంకెలు అత్యంత విలువైన ఆ గంటల్లో 4జీ ఒక్కదాన్నే నమ్ముకున్న పెట్టె మూగదవుతుంది. ఏ రేడియో వాడినా సెన్సరు పక్కనే మైక్రో ఎస్‌డీ కార్డులో రాసుకునేలా చేయండి.

ఉప్పుగాలి

బీచ్ రోడ్డు నుంచి భీమిలి దాకా సముద్రం పక్కనున్న మేడల మీద రేడియో కన్నా ముందు పోయేవి జాయింట్లు. డ్యూపాంట్ జంపర్ పిన్నులకి కొన్ని నెలల్లోనే చిలుము పట్టి, ఒక రోజు పనిచేసి ఇంకో రోజు చేయవు. తీరంలో జంపర్ తీగలు బల్ల మీద పరీక్షకే, మేడ మీద అన్నీ టంకం వేయాల్సిందే. బోర్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరాక యాక్రిలిక్ కన్ఫార్మల్ కోటింగ్ రెండు పూతలు వేయండి. కనెక్టర్ల నోళ్లకీ సెన్సరు రంధ్రానికీ ముందుగా టేపు అంటించాలి. డబ్బా రంధ్రాలు మూయడానికి వినెగర్ వాసన వచ్చే సిలికాన్ వాడకండి. అందులోంచి వచ్చే ఆమ్లం లోపలి రాగిని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నదే అడిగి తీసుకోండి. గ్లూ గన్ జిగురు మే నెల ఎండకి మెత్తబడి జారిపోతుంది.

డబ్బా తెల్లదై ఉండాలి, కేబుళ్లన్నీ అడుగు నుంచే దూరాలి, ప్రతి కేబులూ లోపలికి వెళ్లేముందు కిందికి ఒక వంపు తిరగాలి. పూర్తిగా మూసేస్తే పగటి వేడికీ రాత్రి చలికీ లోపల చెమ్మ పేరుకుంటుంది కాబట్టి ఐపీ65 డబ్బాకి అడుగున గాలి ఆడే వెంట్ ప్లగ్గు బిగించండి. యాంటెన్నా కనెక్టరుకి సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపు సాగదీసి చుట్టి, పైన మామూలు టేపు వేయండి. క్లాంపులు, బోల్టులు 316 స్టెయిన్‌లెస్ దొరికితే మంచిది, 304కి తీరంలో మచ్చలు వస్తాయి, జీఐకి తుప్పు పడుతుంది. 45 డిగ్రీల పైన లిథియం సెల్ ఛార్జి చేయకూడదు. అందుకే బ్యాటరీ డబ్బాని సోలార్ ప్యానెల్ నీడలో, రెండు వేళ్ల సందు వదిలి పెట్టాలి.

సెన్సర్లలో వేడీ తేమా కొలిచే డీహెచ్‌టీ22 తీరంలో ఎక్కువకాలం ఉండదు, పీటీఎఫ్‌ఈ ఫిల్టరున్న ఎస్‌హెచ్‌టీ31 పెట్టండి. ట్యాంకులో ధ్వని తరంగాలతో మట్టం కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 ఆవిరికి తడిసి పాడైపోతుంది. జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ నీటికి తట్టుకుంటుంది, కానీ 25 సెంటీమీటర్ల లోపల ఉన్నదేదీ దానికి సరిగా కనబడదు. నిండు మట్టానికి అంతకన్నా ఎత్తులో బిగించాలి. లేకపోతే ట్యాంకు పొర్లుతున్నప్పుడే తప్పుడు అంకె వస్తుంది.

మోటారుకి కలుపుతున్నారా

అంకె చూసుకోవడానికి పైవాటిలో ఏదైనా సరే. ఆ అంకెతో మోటారు ఆపుతామంటే ఏ రేడియో కొన్నా ఒక నియమం మారదు: సందేశం రాకపోతే మోటారు ఆగిపోవాలి. మోటారు నడుస్తున్నంతసేపు పైనున్న నోడ్ 30 సెకన్లకోసారి మట్టం పంపాలి. వరసగా నాలుగు సందేశాలు అందకపోతే కింది బోర్డు రిలేని వదిలేయాలి. అంతసేపు మేలుకుని ఉండాలి కాబట్టి మోటారు కోసం మట్టం పంపే ఆ పై నోడ్‌కి బ్యాటరీ కాకుండా కరెంటు ఇవ్వండి. చిన్న రిలే బోర్డుని నేరుగా మోటారుకి కలపకండి. ఒక హెచ్‌పీ మోటారు స్టార్టింగ్ కరెంటుకి దాని కాంటాక్టులు అతుక్కుపోతాయి, అప్పుడు ప్రోగ్రాము ఆపమన్నా ఆగదు. రిలే 240 వోల్టుల కాంటాక్టరు (పెద్ద కరెంటు తట్టుకునే స్విచ్) కాయిల్‌ని నడపాలి, కాంటాక్టరు మోటారుని నడపాలి, కాయిల్‌కి అడ్డంగా వోల్టేజి దెబ్బను మింగే ఆర్‌సీ స్నబ్బరు ఉండాలి. లేకపోతే కాయిల్ వదిలిన ప్రతిసారీ ఈఎస్‌పీ32 రీసెట్ అవుతుంది. వీటన్నిటికీ పైన, ట్యాంకులో ఒక మామూలు ఫ్లోట్ స్విచ్‌ని కాంటాక్టరు కాయిల్‌తో వరసలో కలపండి. ఇంటి కరెంటుకి తగిలే ఈ భాగాన్ని ఎలక్ట్రీషియన్ చేతే వేయించి, ఎర్తింగ్ కొలిపించుకోండి.